హాగర్టీ గారి అభిషేకం

"నేను తన్నేస్తాను కోచ్. ఇంత దగ్గర్నుంచి మా చెల్లెలు కూడా తన్నగలదు," అన్నాడు టోబిన్ హెల్మెట్ తగిలించుకుంటూ.

"తన్నడం పిరికివాళ్ల పని. కూర్చో," అన్నాడు కోచ్ హాగర్టీ.

అమెరికన్ ఫుట్‌బాల్ ఆట, మిగిలింది నాలుగే సెకన్లు. జట్టు రెండు పాయింట్లు వెనకబడి ఉంది. బంతిని గోలు కర్రల మధ్య నుంచి తంతే మూడు పాయింట్లొస్తాయి, గెలుపు చేతికొస్తుంది. ఈ ఆట ఓడితే కోచ్ ఉద్యోగం ఊడినట్టేనని కాలేజీ ప్రెసిడెంట్ పొద్దున్నే తేల్చి చెప్పాడు. మధ్యాహ్నానికల్లా ఆ మాట జట్టంతా పాకింది.

"సరిగ్గా ఇదే గీత దగ్గర, నేనాడే రోజుల్లో, బంతి చంకన పెట్టుకుని ఐదుగుర్ని గుద్దుకుంటూ లోపలికి దూరాను. తెలుసా?"

"తెలుసు కోచ్. నిన్న కూడా చెప్పారు," అన్నాడు కెప్టెన్ జెరోమ్.

వెటకారం హాగర్టీ చెవికెక్కదు. గెలిచిన కోచ్ నెత్తిన కుర్రాళ్లు నారింజ రంగు పానీయం బకెట్టుతో కుమ్మరిస్తారు. మూడేళ్లుగా ఆయనకా అభిషేకం దక్కలేదు. అరుదుగా గెలిచిన రోజున కూడా ఎవడూ బకెట్టు జోలికి పోలేదు. ఇవాళ టీవీ వాళ్లొస్తారని కొత్త తెల్ల చొక్కా వేసుకొచ్చాడు మహానుభావుడు.

"నా పాత ఎత్తే వేద్దాం. జెరోమ్, బంతి నీది. గుద్దుకుని పో."

"అవతలివాళ్లకి ఆ ఎత్తు కంఠతా వచ్చు కోచ్. టీవీ వాళ్ల మైకు కనిపిస్తే చాలు, మీరు అదే చెప్తారు."

"నీకు దమ్ము లేదని చెప్పు."

జెరోమ్ టోబిన్ వంక చూశాడు. టోబిన్ హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టేశాడు.

"మీ ఇష్టం కోచ్," అన్నాడు జెరోమ్.

అవతలి పదకొండు మందీ అక్కడే కాచుకుని ఉన్నారు. జెరోమ్ గజం కూడా కదల్లేకపోయాడు. ఈల మోగింది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు హాగర్టీ మొదలుపెట్టాడు. "దద్దమ్మలు. అదే నేనైతేనా..."

మాట పూర్తి కాకుండానే ఐసు ముక్కలతో సహా బకెట్టు మొత్తం నెత్తిన పడింది. తెల్ల చొక్కా నారింజ రంగుకు తిరిగింది. వణుకుతూ వెనక్కి చూస్తే, ఖాళీ బకెట్టును చెరోవైపు పట్టుకుని టోబిన్, జెరోమ్ నిలబడి ఉన్నారు.

"బుద్ధుందా మీకు? బోర్డు చూడండి, ఓడిపోయాం."

"చూశాం కోచ్," అన్నాడు జెరోమ్. "అందుకే."