అమ్మ చివరి మాట

తన మొదటి నవల అచ్చయి చేతికి రాగానే తమ్ముడు ఒక ప్రతి పట్టుకుని అక్క ఇంటికి వెళ్లాడు. అక్క పొయ్యి దగ్గర నిలబడే చివరి పేజీ చదివింది.

"రాతప్రతి చదివినవాళ్లందరూ అమ్మ మాటనే మెచ్చుకున్నారక్కా. 'వాణ్ణి కంగారుపడొద్దను, మెల్లగా రమ్మను' అని కన్నుమూస్తుంది చూడు, అది."

"అమ్మ ఆ మాట అనలేదురా."

"నువ్వేగా ఫోన్లో చెప్పావు?"

"చివరిచూపుకి అందలేదని నువ్వు కుమిలిపోతావని, నోటికొచ్చింది చెప్పాను. అమ్మకి అప్పటికే స్పృహ లేదు."

తమ్ముడికి ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఆ ఒక్క మాట పట్టుకునే అతను ఈ నవల రాయడం మొదలుపెట్టింది.

"సంతకం పెట్టివ్వరా," అంది అక్క, కలం అందిస్తూ.

అతను అట్ట తిప్పి, రచయితగా అచ్చయిన తన పేరు కింద, సంతకానికి బదులు అక్క పేరు రాసి ఇచ్చాడు.