పక్కింటి తోడు

దేవుడు రాసిపెట్టిన జబ్బును మనంతట మనం వెతుక్కుంటూ వెళ్లడం తప్పా? ఈ అనుమానం అన్నపూర్ణను ఏళ్లుగా వదల్లేదు. మొదట పైకి అన్నది మాత్రం పక్కింటి నజ్వా.

నజ్వాది లెబనాన్. అమెరికాలోని డియర్‌బోర్న్‌లో ఇద్దరివీ ఒకే గోడకు అటూ ఇటూ ఇళ్లు. ఆమె కూతురు లీనా, అన్నపూర్ణ కూతురు విద్య ఒకే క్లాసు.

1983లో దగ్గర్లోని హాస్పిటల్‌వాళ్లు ఆడవాళ్లకు రొమ్ము పరీక్ష ఫ్రీగా చేస్తామన్నారు. నజ్వా రానంది.

"అల్లా ఇచ్చేదాన్ని నేను వెతుక్కోవడమేంటి?"

"తలనొప్పికి మాత్ర వేసుకునేటప్పుడు ఆయన్ని అడిగావా? మీ భాష తెలిసినావిడ కూడా అక్కడ ఉందట. ఇంకేం భయం?"

"అదే భయం, సిస్టర్! ఆవిడ మా ఆడపడుచు స్నేహితురాలు. పరీక్షకు వెళ్లానంటే చాలు, సాయంత్రానికల్లా జబ్బు ఉందనేస్తారు. రేపు లీనాను ఎవరు చేసుకుంటారు?"

మళ్లీ తనే అంది. "నువ్వు రా. నీకు మావాళ్లెవరూ తెలియరు."

అన్నపూర్ణ వెళ్లింది. నజ్వా విప్పి ఇచ్చిన తలగుడ్డను మడతపెట్టి ఒళ్లో ఉంచుకుని కూర్చుంది. ఏమీ లేదన్నారు.

"నీ రుణం ఉంచుకోను," అంది నజ్వా కార్‌లో, కళ్లు తుడుచుకుంటూ.

అన్నపూర్ణ ఇంటికొచ్చి భర్త శ్యామ్‌సుందర్‌కు చెప్పి నవ్వింది. "జబ్బుకన్నా చుట్టాలకే ఎక్కువ భయపడుతున్నారండీ, పాపం!"

"మనకా బాధ లేదులే. డాక్టర్ శశికళ మన భజనకే వస్తుందిగా," అన్నాడాయన.

మూడేళ్ల తర్వాత మళ్లీ అదే హాస్పిటల్. అవే కుర్చీలు. నజ్వా వేళ్లు జపమాల పూసల మీద తిరుగుతున్నాయి. అన్నపూర్ణ పెదాలు అమ్మవారి నామాలు పలుకుతున్నాయి. మధ్యలో ఒక నామం తప్పింది. మళ్లీ మొదటికి వచ్చింది.

నర్స్ వచ్చి ఇద్దరి ముందూ నిలబడింది. "గడ్డ ఎప్పట్నుంచి ఉంది?"

"ఏడాదైంది." జవాబు నేలచూపుల్లోంచి వచ్చింది.

"ఏడాదా! ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నారు?"

"అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం."

నర్స్‌కు అర్థం కాలేదు. అయినా మెత్తగానే చెప్పింది. "కంగారుపడకండి. ఇవాళ లేడీ డాక్టరే ఉన్నారు. డాక్టర్ శశికళ. చాలా మంచావిడ."

"ఆవిడ వద్దు."

"అయితే మగ డాక్టరే చూడాలి. పర్లేదా?"

"పర్లేదు."

నర్స్ వెళ్లి లోపలి గది తలుపు తెరిచి పట్టుకుంది.

నజ్వా జపమాలను సంచిలో వేసి, అన్నపూర్ణ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని అంది, "లే సిస్టర్, నాకు మీవాళ్లెవరూ తెలియరు."