ఫ్రిజ్ కొనే టికెట్

లాటరీ బోర్డు కొత్త రూలు రాసింది. ఇంట్లో ఎవరూ వద్దనకపోతే, పెరుగు ప్యాకెట్‌తో పాటు రోజూ ఒక లాటరీ టికెట్ కూడా ఫ్రిజ్జే కొనేస్తుంది. శాసనసభ కమిటీలో ఒక్క సభ్యుడు అభ్యంతరం చెప్పినా రూలు ఆగిపోతుంది. అందుకు ఈ సాయంత్రమే గడువు.

కమిటీ సభ్యుడు కొండలరావు డైనింగ్ టేబుల్ దగ్గర గోరుచిక్కుళ్లు తుంచుతూ ఫోన్‌లో మీటింగుకు హాజరయ్యాడు.

"నేను అభ్యంతరం చెప్పేస్తున్నా సువర్చలా. లేకపోతే జనం జీతాలన్నీ ఫ్రిజ్జే మింగేస్తుంది."

"చెప్పండి, నేనేమన్నా ఆపానా," అంది భార్య. "కాకపోతే, పరిశీలనకని బోర్డువాళ్లు మీకో టికెట్ ఇచ్చారు కదా. అభ్యంతరం చెప్తే అది రద్దవుతుందట. డ్రా రాత్రికేగా."

"ఊరికే ఎందుకిచ్చారంటావ్?"

"నా అనుమానమూ అదే. తగిలే టికెట్ కాకపోతే రద్దు చేస్తామని బెదిరించడం దేనికి?"

కొండలరావు ఆలోచించాడు. "అభ్యంతరం మా కమిటీలో పాపారావు గారు చెప్తార్లే. ఆయనకి లాటరీ అంటే అస్సలు పడదు."

ఫోన్‌లో పాపారావు కొండలరావు వైపే ఆశగా చూస్తున్నాడు.

అభ్యంతరాలున్నాయా అని అధ్యక్షుడు మూడుసార్లు అడిగాడు. ఎవరూ నోరు మెదపలేదు. రూలు పాసైంది.

కాసేపటికి ఫ్రిజ్ మాట్లాడింది. "నమస్కారమండి. ఈ రాత్రి డ్రా వాయిదా పడింది. రేపు కమిటీ ముందుకు ఇంకో రూలు వస్తోంది. అది పాసయ్యాక డ్రా తీస్తారు. మీ టికెట్ భద్రంగా ఉంది."

సువర్చల ఫ్రిజ్ వైపు అనుమానంగా చూసింది.

"పెద్ద మొత్తమే తగిలుంటుందండీ," అంది. "లేకపోతే వాయిదా ఎందుకేస్తారు?"