ఉండాల్సిన చోటే ఉంది

"పెద్దమ్మా, పాత ప్యాచ్ ఏదీ?"

నర్సు చెయ్యి ముసలావిడ భుజం కింద ఆగిపోయింది. మొన్న తనే అంటించిన చోట చిన్న ఎర్రటి గుర్తు తప్ప ఏమీ లేదు.

"ఉండాల్సిన చోటే ఉందిలే" అంది అమ్మ, కళ్ళు మూసుకునే.

కూతురు గబగబా దగ్గరికొచ్చింది. "నిన్న పొద్దున కూడా చూశాను సిస్టర్, అక్కడే ఉంది!"

ఎముకల్లోకి పాకిన జబ్బు అమ్మది. ఏ మాత్రలకూ లొంగని నొప్పిని కాస్త అదుపులో పెట్టింది ఆ ప్యాచే. చూస్తే ఏముంది, అగ్గిపెట్టెంత ముక్క, ఒంటికి అంటిస్తే ఉందో లేదో కూడా తెలియదు. కానీ మొదటిరోజే నర్సు గట్టిగా చెప్పింది. "ఇది మామూలు నొప్పి పట్టీ కాదక్కా. నల్లమందు జాతి మందు ఇది. తీసేశాక కూడా అందులో మందు మిగిలే ఉంటుంది. జిగురు లోపలికి మడిచి నాకే ఇవ్వాలి. పిల్లలకి అందకూడదు. దాని మీద వేడి అస్సలు తగలకూడదు, మందంతా ఒక్కసారిగా ఒంట్లోకి దిగిపోతుంది."

ఆ మాటకి హడలిపోయి, అమ్మ మంచం మీదుండే వేడినీళ్ళ సంచిని కూతురు తను తీసేసుకుంది. రోజంతా స్కూలు బస్సు నడిపే నడుము ఆమెది. దానికీ కాపడం కావాలి కదా మరి.

అన్నీ విని అమ్మ అడిగింది మాత్రం ఒక్కటే. "దీన్ని సగానికి కత్తిరిస్తే పోదూ?"

"నీ పిసినారితనం పాడుగాను! కత్తిరిస్తే ప్రాణం మీదకొస్తుందట. ఆ ఆలోచన మానెయ్" అని కూతురు కసిరింది.

ఇప్పుడు ఆ ముక్కే మాయమైంది. మంచం పక్కన చాప మీద రెండేళ్ళ బుజ్జి ఒళ్ళెరగకుండా నిద్రపోతోంది. బుజ్జికి స్టిక్కర్ల పిచ్చి. ఫ్రిజ్ మీదా, తలుపు మీదా, బొమ్మ నుదుటి మీదా, ఆఖరికి వాళ్ళమ్మ బస్సు స్టీరింగు మీదా అవే.

"ఇది ఎంతసేపటి నుంచి పడుకుంది?" అంది నర్సు.

"పాలు తాగి పడుకుంది. ఈపాటికి లేచిపోవాలే..."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"దాని జోలికి పోకండే, పాపం నిద్రపోనివ్వండి" అంది అమ్మ పళ్ళ బిగువున. ఆవిడ నుదురంతా చెమట.

నర్సు ఆ మాట వినిపించుకోలేదు. పిల్ల గౌను విప్పి వీపు, చంకలు, చెవుల వెనక, అరికాళ్ళు అన్నీ చూసింది. ఏమీ లేదు. పాదం మీద గట్టిగా గిల్లింది. బుజ్జి ఇల్లెగిరిపోయేలా ఏడుపందుకుంది. అంత కమ్మని ఏడుపు కూతురు జన్మలో వినలేదు. పిల్లని గుండెలకి హత్తుకుని తనూ ఏడ్చేసింది.

తర్వాత ఇల్లంతా గాలించారు. కూతురు మంచం కిందకి దూరింది, బీరువా జరిపింది, చెత్తబుట్ట బోర్లించింది.

"నడుము జాగ్రత్త అక్కా!"

"ఇవాళ నడుము ఊసే లేదు సిస్టర్! నిన్న రాత్రి నొప్పికి విలవిల్లాడుతుంటే అమ్మ పక్కలో పడుకోబెట్టుకుని నిమిరింది. పడుకున్నదాన్ని పడుకున్నట్టే, పొద్దెక్కాక లేచాను. ఇంకా స్నానం కూడా కాలేదు."

అమ్మ మొహం విప్పారింది. "నిజంగా తగ్గిందా తల్లీ?"

"తగ్గిందమ్మా. ముందు నీ సంగతి చూసుకో."

"నాకేం? ఓర్చుకోగలను."

నర్సు డాక్టరుకి ఫోన్ చేసింది. అమ్మ ఒళ్ళంతా మరోసారి వెతికి, కొత్త ప్యాచ్ రెండో భుజం కింద అంటించింది. "పాతది దొరికేదాకా బుజ్జిని ఈ గదిలోకి రానివ్వకండి" అంది.

బస్సు వేళైంది. పరీక్షల రోజులు, మధ్యాహ్నం ట్రిప్పు ఒక్కటే. కూతురు నడుము బెల్టు బిగించుకుంది. సీటులో ఆనించుకోడానికి సంచిలో వేడినీళ్ళు నింపుకుంది. తల దిమ్ముగా ఉంది, ఇందాకటి హడావుడి వల్లే అనుకుంది.

"అంత గొడవ దేనికే, ఒక్క ముక్క కోసం?" అని గొణిగింది అమ్మ.

"అలా అనకండి పెద్దమ్మా" అంది నర్సు, బుజ్జిని ఎత్తుకుని. "మీకైతే అలవాటైంది. అలవాటు లేనివాళ్ళకి అంటుకుంటే, పెద్దవాళ్ళైనా సరే, మత్తు కమ్మేస్తుంది. ఊపిరే ఆగిపోవచ్చు."

పట్టుకుంటే తప్ప లేవని మనిషి, అమ్మ ఒక్క ఊపున లేచి కూర్చుంది. బస్సు తాళాలున్న కూతురి చేతిని పట్టేసుకుంది.

"బస్సెక్కకు తల్లీ."

"ఏమైందమ్మా?"

"కత్తిరించొద్దన్నావని, మొత్తం నీ నడుముకే అంటించానే."