రెండో కొలిమి పెచ్చులు

మేనేజరు స్టానెక్ గుప్పిట విప్పి నల్లటి పెచ్చులు థెల్మా బల్లమీద పోశాడు.

"ఇదిగో, నీ రోలర్ చేసిన నిర్వాకం. రెండో కొలిమిలోంచి వచ్చిన ఉక్కు రేకులన్నిటికీ ఈ పెచ్చులతో గీతలు పడ్డాయి. కొన్నవాళ్లు సరుకంతా తిప్పి పంపారు. ఇవాళే ఆ రోలర్‌ని తుక్కులో వేయిస్తున్నా."

కొలిమిలో రేకుల్ని మోసే ఆ రోలర్‌ని నికెల్‌లో అల్యూమినియం కలిపి పోతపోయించింది థెల్మాయే. అంత వేడికి ఏ లోహమైనా పైన పొర కడుతుంది. చల్లారినప్పుడల్లా ఆ పొర పాత గోడ సున్నంలా రాలుతుంది. రాలకుండా పట్టి ఉంచుతుందని అందులో చిటికెడు జిర్కోనియం అనే లోహం కలిపింది.

"చిటికెడుతో ఏం ఒరుగుతుందని అప్పుడే అన్నాను. విన్నావా?" అన్నాడు మేనేజరు.

ఆమె ఒక పెచ్చు తీసుకుని తెల్లకాగితం మీద రుద్దింది. బొగ్గు గీసినట్టు నల్లటి చార పడింది.

"నా రోలర్ మీద కట్టేది బూడిదరంగు పొర సార్. ఇది ఇనుముది. ఇది నాది కాదు."

"మరి దయ్యందా?"

"రోలర్‌ని బయటికి తీయించండి, చూద్దాం."

కొలిమి ఆర్పి అది చల్లారేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. అప్పటిదాకా థెల్మాకి ముద్ద దిగలేదు. రోలర్ల పని చూసే ముసలి ఆర్విల్ గొలుసు తగిలించి రోలర్‌ని బయటికి లాగాడు. ఒళ్లంతా పెచ్చులు, వాటి కింద గుంటలు. స్టానెక్ దాని చివర గీకి చూస్తే పాత రోలర్ల మీద ఉండే ముద్ర బయటపడింది.

"ఇది మామూలు ఉక్కుదే" అన్నాడు గొంతు తగ్గించి. "తొందరపడ్డాను థెల్మా."

థెల్మా పక్కనున్న ఇటుకల మీద చతికిలబడింది. "హమ్మయ్య" అంది. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కళ్లు తుడుచుకున్నాక గానీ అసలు అనుమానం రాలేదు.

"మరి నా రోలరేదీ?"

ఆర్విల్ టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "మొదటి కొలిమిలో ఉందమ్మా."

"అందులోనా?" స్టానెక్ తెల్లబోయాడు. "అన్నిటికన్నా వేడి కొలిమి అదే. అందులో ఏ రోలరూ రెండు నెలలు కూడా ఆగదు కదయ్యా."

"అందుకేగా అక్కడ పెట్టింది. ఈ కొత్త సరుకంటే నాకు పడదు సార్. త్వరగా చస్తే పీడ వదులుతుందనుకున్నా" అన్నాడు ఆర్విల్. "ఏడాది దాటింది. ఇంకా చావలేదు."