ఆరో సాంచె

“బాపూ, ఆ ఆగిపోయిన సాంచె దిక్కు జర...” అనబోయి వినోద్ నాలుక కరుచుకున్నాడు. ఇంకా ఇరవై నిమిషాలుంది. ఇప్పుడు నోరు జారితే రేపటి నుంచి తన బతుకు ఆ సాంచెల, అంటే మరమగ్గాల, మధ్యే తెల్లారిపోతుంది.

ఆదివారం కాబట్టి అడాజన్ అనే గుజరాతీ పేటలోని ఆ కంప్యూటర్ క్లాసులో తండ్రీ కొడుకులు తప్ప ఎవరూ లేరు. తండ్రి సోమలింగం, ఎవరైనా వచ్చి లేవమంటారేమో అన్నట్టు, కుర్చీ అంచున కూర్చున్నాడు. ఎదురుగా నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు. బొమ్మ లేదు, రంగు లేదు, పాట అసలే లేదు. వినోద్ మూడు నెలలు కూర్చుని రాసిన ఆట అది. తెర మీద వచ్చింది చదివి వినిపించేదీ, తండ్రి చెప్పింది టైపు చేసేదీ అతనే.

పందెం నిన్న మేనమామ కనకయ్య ముందు కుదిరింది. మగ్గాల యజమాని సేట్‌తో మాట్లాడి మేనల్లుడికి మరమగ్గాల మీద పని ఖాయం చేసుకొచ్చింది ఆయనే. ఆయన మాట కాదనడం ఆ ఇంట్లో ఎవరి తరమూ కాదు. వినోద్‌కేమో ఇదే క్లాసులో పాఠాలు చెప్పమని పిలుపొచ్చింది. మామా అల్లుళ్లు పంతానికి పోతుంటే సోమలింగమే మధ్యలో కల్పించుకున్నాడు. గంటలో ఆ ఆటలోంచి తాను బయటపడితే కొడుకు సాంచెల మీదికి రావాలి, పడలేకపోతే ఇక వాడి ఇష్టం అని తేల్చేశాడు. కనకయ్య నవ్వుతూ ఒప్పుకున్నాడు. ఇరవై ఏళ్లు మగ్గాలు నడిపిన మనిషికి మగ్గాల ఆట ఒక లెక్కా? ఇప్పుడాయన కింద టీ బండి దగ్గర వాచీ చూసుకుంటూ కూర్చున్నాడు.

ఆటలో ఉన్నది ఒక షెడ్డు. తలుపుకు తాళం. ఆరు మగ్గాల్లో అయిదు ఆడుతుంటాయి, ఆరోది ఆగి ఉంటుంది. ఆ ఆరో మగ్గం మీద అటూ ఇటూ పోగు మోసుకెళ్లే నాడెలో, నూలు కండె ఉండాల్సిన చోట, తాళంచెవి దాచాడు వినోద్. క్లాసులోని గుజరాతీ కుర్రాళ్లు తలుపు బాదారు, కిటికీ పగలగొట్టారు, చివరికి సేట్‌ను చంపుతామని కూడా టైపు చేశారు తప్ప ఆ మగ్గం జోలికి పోలేదు. మగ్గం తెలిసినవాడు మాత్రం మొదట పోయేది అక్కడికే. పందేనికి తలూపాక గానీ ఆ సంగతి వినోద్‌కు తట్టలేదు.

తీరా చూస్తే తండ్రి ఆ దిక్కుకే పోవడం లేదు.

“ఇప్పుడేంజేస్తవ్ అని అడుగుతున్నది బాపూ.”

“ఒకటో సాంచెల పోగు అతుకు.”

అతికాడు. రెండోదాంట్లో కండె మార్చమన్నాడు, మార్చాడు. మూడు, నాలుగు, అయిదు, మళ్లీ ఒకటి. ఇంకో మీటరు గుడ్డ నేశారని కంప్యూటర్ చెబుతూనే ఉంది. నలభై నిమిషాలుగా ఇదే వరస.

గెలుస్తున్నందుకు సంతోషించాల్సిన వినోద్‌కు ఒళ్లు మండిపోతోంది. బయట దొరికే ఆటల్లో ‘తలుపు తెరువు’ అంటే అర్థం కాలేదంటుంది, ‘తాళం తీయి’ అంటేనే వింటుంది. ఆ దరిద్రం తన ఆటలో ఉండకూడదని ఒక్కో పనికి నాలుగేసి మాటలు నేర్పాడు. గోడ మీద రాతలు పెట్టాడు, సేట్ బల్ల సొరుగులో ఉత్తరం పెట్టాడు. ఈయన ఒక్కటీ ముట్టుకోడే.

“సినిమాలు చూసి చూసి గిట్ల తయారైనవ్ నువ్వు,” అని కసిరాడు. సినిమాలో తాళం హీరో తన్నుకే ఊడిపోతుందని, విలన్ ఎవరో టైటిళ్లప్పుడే తెలిసిపోతుందని, చూసేవాడు బుర్రను టికెట్ ఇచ్చే చోటే వదిలి రావచ్చని ఏకరువు పెట్టాడు. ఈ అక్షరాల ఆటలో అలా కుదరదు. ఇక్కడ ఆడేవాడే హీరో, వాడు ఆలోచించకపోతే కథ అడుగు కదలదు. దీని ముందు సినిమా ఎందుకు పనికొస్తుంది?

సోమలింగం తెర వైపే చూస్తూ అంతా విన్నాడు.

“సినిమా నన్నేమడగది బిడ్డా. అందుకే పోత. సాంచెలు పొద్దంత అడుగుతనే ఉంటయి. పోగు తెగింది, ఏంజేస్తవ్? కండె ఒడిసింది, ఏంజేస్తవ్? నీ ఆట గూడ గదే అడుగుతున్నది.”

ఆ పోలికకు వినోద్‌కు ఇంకా మండింది.

“మూడోదానికి నూనె పెట్టు,” అన్నాడు తండ్రి.

అయిదు నిమిషాలుందనగా వినోద్ ఇక ఉండబట్టలేకపోయాడు. ఉద్యోగం పోతే పోనీ, మూడు నెలల కష్టం ఇలా మట్టిలో కలిసిపోతుంటే చూడటం అతని వల్ల కాలేదు. ఆరో మగ్గం ఆగి ఉందన్న ముక్కను మళ్లీ వెతికి, ఒత్తి ఒత్తి చదివాడు.

“ఆరోది బాపూ. ఆరోది.”

సోమలింగం విన్నానన్నట్టు తలూపాడు. “నాలుగోదాంట్ల కండె మార్చు,” అన్నాడు.

గంట అయిపోయింది. కింది నుంచి కనకయ్య కేకేశాడు. సోమలింగం కిటికీ దగ్గరికి వెళ్లి, ఓడిపోయానన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపాడు. కనకయ్య తల కొట్టుకుంటూ టీ బండి దగ్గర్నుంచి లేచాడు.

వినోద్‌కు గెలిచిన ఆనందం గోరంత కూడా లేదు.

“ఇరవై ఏండ్లు సాంచెలు నడిపినవ్. ఆగిన సాంచె దిక్కు ఒక్కసారన్న పోకపోతివి. నా ఆట గంత పనికిరానిదా బాపూ?”

సోమలింగం కిటికీ రెక్క దగ్గరికి వేసి, గొంతు తగ్గించాడు.

“తాళంచెవి నాడెల ఉన్నది. మేం బీడీలు దాసుకునేది గూడ ఆడనే,” అన్నాడు. “నేను బయటికొస్తే నువ్వు లోపలికి పోవాలె కద బిడ్డా.”