‘ఆయన’ అనాలి

“దీన్ని దిద్దడం అంటారా సార్?” అంటూ రచయిత్రి ప్రూఫుల కట్టని బల్ల మీద పడేసింది.

ప్రూఫు మాస్టారు కళ్ళజోడు సర్దుకుని కట్టని తనవైపు తిప్పుకున్నారు. ఇంచుమించు ప్రతి పేజీలోనూ ఎర్ర గీతలు. తను గీసినవే. గీస్తున్నప్పుడు ఏమీ అనిపించలేదు. ఇప్పుడు చూస్తున్నా ఏమీ అనిపించలేదు.

పిల్లలకి స్ఫూర్తినిచ్చే జీవితాలు అచ్చువేస్తుంది ఆ సంస్థ. పల్చటి పుస్తకాలు, పేజీ నిండా రంగుల బొమ్మలు, చివర గడి కట్టి ఒక నీతి. గొప్పవాళ్ళని ‘వాడు’ అని రాయకూడదన్న నియమం పెట్టింది మాస్టారే. ఉయ్యాల్లో ఉన్నా సరే, ‘ఆయన’ అనాలి. ఆ దెబ్బకి ఒక పుస్తకంలో మహాశాస్త్రవేత్తగారు పాలకోసం కేరుకేరుమని ‘ఏడ్చారు’. ఆఫీసంతా పగలబడి నవ్వింది. మాస్టారు మాత్రం పట్టు వదల్లేదు.

అలాంటి మనిషి ఈసారి అడ్డం తిరిగారు. రచయిత్రి ‘ఆయన’ అని రాసిన చోటల్లా కొట్టేసి ‘వాడు’ అని పెట్టారు. ‘వచ్చారు’ని ‘వచ్చాడు’ చేశారు.

“ఒకచోటైతే పొరపాటనుకోవచ్చు. పుస్తకమంతానా?” అంది రచయిత్రి. “ఎందుకో నే చెప్పనా? ఈయన స్కూలు బస్సు డ్రైవరు కాబట్టి. ఏ డాక్టరో, ఇంజినీరో అయితే మీ కలానికి ‘ఆయన’ అని తిరిగేది. డ్రైవరనేసరికి ‘వాడు’ అయిపోయాడు.”

మాస్టారు కట్ట అంచులు సరిచేశారు.

పక్కగదిలోంచి పబ్లిషరు వచ్చారు, టీ గ్లాసులు తనే పట్టుకుని. “అమ్మా, కాస్త నెమ్మదిగా. అసలు సంగతేమిటంటే…”

మాస్టారు వద్దన్నట్టు చెయ్యి ఊపారు.

పబ్లిషరు ఒక గ్లాసు ఆయనకి అందేలా జరిపారు. “ఈ ఒక్కటీ ఇంకెవరికైనా ఇస్తానని ముందే అన్నాను కదండీ మీతో.”

“కళ్ళు బాగానే కనిపిస్తున్నాయండీ నాకు.”

“అసలు కథ చదివారా మీరు?” అంది రచయిత్రి. “వంతెన కింద నీళ్ళలో బస్సు ఆగిపోతే పిల్లలందర్నీ కిటికీలోంచి పైకందించి, తను మాత్రం రాలేకపోయిన మనిషి. ఆ పిల్లలు ఇవాళ బడికి పోతున్నారంటే ఆయన చలవే. అలాంటి మనిషిని పట్టుకుని వాడూ వీడూ అంటారా?”

“చదివాను. ఒక సందేహం. నాలుగో పేజీలో, ‘చిన్నప్పట్నించీ ఆయనకి నీళ్ళంటే భయమన్నదే లేదు’ అని రాశారు. ఎవరు చెప్పారు?”

“ఒకరు చెప్పాలా? అంత పని చేసిన మనిషికి భయముంటుందా?”

“ఇంట్లోవాళ్ళని అడగాల్సింది.”

“వెళ్ళానండీ. పగటిపూటే వెళ్ళాను. ఎప్పుడెళ్ళినా తాళమే.”

“భయం ఉంటుంది లెండి,” అన్నారు మాస్టారు. “మోకాటి లోతు నీళ్ళలో దిగినా కాళ్ళు వణికేవాళ్ళుంటారు. ఆ మాట రాస్తే పిల్లలు ఇంకాస్త దగ్గరగా చదువుతారు.”

“అప్పుడు నీతి చెడిపోతుంది. ఇంతకీ నీతి పేజీ చూశారా, అక్కడా ఏదైనా చేశారా?”

చివరి పేజీలో గడి కట్టి ఉంది: ‘మనమందరం ఈ డ్రైవరులా ఉండాలి.’ దానిమీద ఎర్ర గీత లేదు.

“అందులో తప్పుల్లేవు. అందరం అలా ఉంటే సాయంత్రం ఇంటికొచ్చేదెవరో అనిపించింది. అది ప్రూఫులో దిద్దేది కాదుగా, వదిలేశాను.”

“విన్నారా! వెటకారం కూడాను,” అంది రచయిత్రి పబ్లిషరుతో. “సాయంత్రం ఈ పుస్తకం ప్రెస్సుకెళ్ళాలి. ఈయన చెయ్యి పడ్డ ప్రూఫు వెళ్ళడానికి వీల్లేదు. ఇంకొకరితో దిద్దించండి. లేదంటే నా పుస్తకం నాకిచ్చెయ్యండి.”

ఫ్యాను గాలికి పై కాగితం లేవబోతే పబ్లిషరు అరచెయ్యి ఆనించి నిలబడ్డారు.

మాస్టారు కలం మూత తీశారు. “ఇంకొకరెందుకమ్మా. నేనే మార్చేస్తాను. కూర్చోండి.”

మొదటి పేజీ. ‘వాడు’ కొట్టేసి ‘ఆయన’. ‘పుట్టాడు’ కొట్టేసి ‘పుట్టారు’. రెండో పేజీ. ‘ఆయన బడికి వెళ్ళనని మారాం చేశారు.’ ఎవరూ నవ్వలేదు. చెయ్యి దానిపాటికి అది పోతోంది. టీ మీద మీగడ కట్టింది.

రచయిత్రి ఒక్కో పేజీ అందుకుని చూసుకుంటోంది. కోపం దిగాక ఆమెకి మాస్టారి నెరిసిన గడ్డం, కాలరు దగ్గర లేచిపోయిన దారప్పోగులు కనబడ్డాయి. కుర్చీ దగ్గరికి లాక్కుంది. “చల్లారిపోయింది, ఇంకోటి తెప్పించనా సార్?” అంది మెల్లగా.

మాస్టారు తల అడ్డంగా ఊపారు.

నీతికి ముందు పేజీలో కలం ఆగింది. ‘ఆ పొద్దున వాడు ఏమీ తినకుండానే బయల్దేరాడు.’ ఆగినచోటే ఉండిపోయింది. ఎర్ర చుక్క కాగితంలోకి ఇంకి వెడల్పవుతోంది.

“ఏమైంది సార్?”

“ఇదొక్కటీ ఇలాగే ఉండనివ్వమ్మా.”

“మళ్ళీ మొదలెట్టారా?” ఈసారి ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “ముక్కూ మొహం తెలియని మనిషిని ‘వాడు’ అనడానికి మనమెవరం సార్, మీరే చెప్పండి?”

“వాడు మావాడమ్మా,” అన్నారు ఆ డ్రైవరు తండ్రి.